మూసి ఇచ్చిన వాయనం

కొత్తగా నల్లకోటు తొడిగిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా అరుగు మీదికి వచ్చి కూర్చుని, మీరు గెలిచిన పెద్ద కేసేదైనా చెప్పండి అని అడుగుతూ ఉంటారు. వాళ్ళ ఉద్దేశంలో పెద్ద కేసంటే లంకభూముల దావా అయినా అయి ఉండాలి, ఖూనీ కేసైనా అయి ఉండాలి. నేను చెప్పబోయేది ఒక చేట గురించి అనగానే సగంమంది మొహాలు వాడిపోతాయి. మిగతా సగంమంది కాఫీ వస్తుందన్న ఆశతో కూర్చుంటారు. కాఫీ తాగి కూడా శ్రద్ధగా విన్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. మద్రాసు ప్రభుత్వం కిందే ఉన్నాం. అమలాపురం మున్సిఫ్ కోర్టులో నేను ఒక పెద్ద ప్లీడరుగారి దగ్గర జూనియర్ని. ఆయనకి చట్టం కంఠతా వచ్చు. ఉబ్బసమూ ఉంది, పొడుం అలవాటూ ఉంది. ఆ రెండూ ఒకదాన్నొకటి పెంచుకునేవి. "సాక్షిని జవాబు తెలియని ప్రశ్న అడక్కు" అనేది ఆయన నాకు రోజుకొకసారి చెప్పే మంత్రం. నేను వినయంగా తల ఊపేవాణ్ణి. తల ఊపడంలో నేను అప్పటికే పండిపోయాను.

ఒకరోజు పొద్దున్నే కొత్తపేట వైపు నుంచి ఒక దర్జీ, అతని భార్య వచ్చారు. అతని చేతిలో సమన్లు ఉన్నాయి. ఆమెకి పాతికేళ్ళు ఉంటాయేమో. గుమ్మం దగ్గరే నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. మాట అసలు బయటికి వచ్చేది కాదు. ఏదడిగినా "ఆయ్" అనడం, మొగుడి వైపు చూడడం.

కథ మొత్తం అతనే చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో పెద్ద ఆస్తిపరుల ఇంటి పెరట్లో చిన్న వాటాలో వీళ్ళు చాలాకాలం అద్దెకుండేవారు. ఆ ఇంటి పెద్దావిడకి పిల్లల్లేరు. ఏడాది పొడుగునా ఏదో ఒక నోము పడుతూనే ఉండేది. పిండి రుబ్బడం, ముగ్గులు పెట్టడం, పేరంటాళ్ళ కాళ్ళకి పసుపు రాయడం, అన్నిటికీ ఈ దర్జీ భార్యే చేదోడు. పెద్దావిడ చివరగా పట్టినది మూసివాయనాల నోము. ఆ నోములో వాయనం చేటలో పెట్టి, పైన ఇంకో చేట బోర్లించి, కనబడకుండా ఇవ్వాలి. పుచ్చుకున్న ముత్తయిదువ ఇంటికి వెళ్ళేదాకా విప్పకూడదు. ఉద్యాపననాడు ఆవిడ అందరికీ ఇచ్చినట్టే ఈమెకీ ఒక చేట ఇచ్చింది. ఇంటికి వెళ్ళి విప్పితే శనగలూ అరటిపళ్ళూ రవికెలగుడ్డా కింద కాసులపేరు ఉంది. పెద్దావిడ పుట్టింటివారు పెట్టిన నగ అది, అచ్చంగా ఆవిడ సొంతం.

ఈమె హడలిపోయి మర్నాడే వెనక్కి తీసుకుపోయింది. "ఇచ్చిన వాయనం ఎవరైనా తిరిగి పుచ్చుకుంటారుటే, వెళ్ళి మెళ్ళో వేసుకో" అని పెద్దావిడ కసిరి పంపేసింది. ఆ మాట విన్నవాళ్ళు ఎవరూ లేరు. కొన్నాళ్ళకి పెద్దావిడ పుణ్యస్త్రీగానే పోయింది. ఆ వెనకే భర్తా పోయాడు. ఆస్తంతా ఆయన తమ్ముడి కొడుక్కి వచ్చింది. ఒక శనివారం ఈమె కాసులపేరు వేసుకుని వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళితే, ఎవరో చూసి ఆ పెద్దమనిషి చెవిన వేశారు. దాచమని ఇచ్చిన నగని కాజేసిందని అతను ఊరంతా చెప్పి, తర్వాత కోర్టుకి వచ్చాడు.

మా పెద్ద ప్లీడరుగారు అంతా విని, పొడుం పీల్చి, రాజీ మార్గం చెప్పారు. నగ తిరిగి ఇచ్చేస్తే దావా ఉపసంహరించుకోవడానికి అవతలివాళ్ళు సిద్ధంగానే ఉంటారని ఆయన అంచనా. అప్పుడు ఆమె మొదటిసారి నోరు విప్పింది.

"నగ పోతే పోనివ్వండి బాబయ్యగారూ. తిరిగిచ్చేస్తే దొంగనని ఒప్పుకున్నట్టే కదండీ. మా ఊళ్ళో పేరంటానికి నాకు బొట్టు పెట్టడం మానేసేరండి. పక్కింటికి పెట్టి, మా గుమ్మం దాటి, అవతలింటికి పెడతన్నారండి."

ఆ గుమ్మం దాటిపోవడం అంటే ఏమిటో మా ఇంట్లో పెరిగినవాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా అమ్మ నోముల మనిషి. నా చిన్నతనం సగం శనగలు తింటూనే గడిచింది. పిలవవలసిన ఇల్లాలిని పిలవకపోవడం ఊళ్ళోంచి వెలివేయడం కన్నా నాజూకైన పని, అంతకన్నా ఎక్కువ నొప్పి పెట్టే పని. నాకు ఒళ్ళు మండింది. ఈ కేసు గెలవాలి అని అక్కడికక్కడే అనుకున్నాను, ఎలా అన్నది మాత్రం తోచలేదు.

నగ వాయనంగా వచ్చిందని చెప్పింది మేమే కాబట్టి, రుజువు చేయవలసిన భారం కూడా మా నెత్తినే పడింది. ముందు ఆమే బోనెక్కింది. మున్సిఫ్‌గారు తమిళదేశం మనిషి. తెలుగు బాగా అర్థమయ్యేది, మాట్లాడితే మాత్రం మాకు కొంచెం నవ్వొచ్చేది. సాక్షి తెలుగులో చెప్పింది ఆయన ఇంగ్లీషులో స్వయంగా రాసుకునేవారు. ఆమె గొంతు ఆయనకి వినబడక, "గట్టిగా చెప్పమ్మా, గట్టిగా" అని మాటిమాటికీ కలం ఆపుతూనే ఉన్నారు. గట్టిగా చెప్పమన్నప్పుడల్లా ఆ గొంతు ఇంకా లోపలికి పోయేది.

అవతలి ప్లీడరుగారు గొప్ప వాగ్ధాటి ఉన్న మనిషి. ఆయన క్రాసు చేస్తుంటే పక్క కోర్టు గుమస్తాలు కూడా వచ్చి గుమ్మంలో నిలబడేవారు. ఆ రోజు ఆయన గొంతు పెంచలేదు. ఎంతో మర్యాదగా అడిగాడు.

"చేట పుచ్చుకున్నప్పుడు అందులో ఏముందనుకున్నారమ్మా?"

"శనగలూ పళ్ళూ అనుకున్నానండి."

"నగ ఉందని మీకు తెలుసునా?"

"తెలీదండి. మూసివాయనం కదండీ."

"మరి తెలియనిదాన్ని పుచ్చుకోవడం ఎలా కుదురుతుందమ్మా? మీరు పుచ్చుకున్నది శనగలే కదూ?"

ఆమె మా వైపు చూసింది. మేము కాగితాల వైపు చూశాం. దానం అంటే ఇచ్చేవాడు ఇవ్వాలి, పుచ్చుకునేవాడు పుచ్చుకోవాలి, అప్పుడే అది పూర్తవుతుందని చట్టం. ఉందని తెలియని నగని పుచ్చుకున్నానని ఎలా అంటుంది? ఆ పైన ఆయన లావుపాటి నిఘంటువు ఒకటి బల్లమీద పెట్టి, వాయనం అంటే వ్రతాల్లో పంచే పిండివంట అని, సంస్కృతంలో దాని అర్థం అదేనని చదివి వినిపించాడు. నగలు వాయనంలోకి రావు, శనగల కింద నగ ఉందంటే దొంగల భయానికి దాచిందన్నమాట, అని కూర్చున్నాడు.

కోర్టు నుంచి వస్తూ మా పెద్ద ప్లీడరుగారు కాలవ గట్టు మీద ఆగి ఆయాసం తీర్చుకున్నారు. "మన కేసు ఇందులో కలిసిందోయ్" అని కాలవలోకి చెయ్యి చూపించారు. నేను అలవాటుగా తల ఊపాను.

ఆ సాయంత్రం మా వీధి చివరి సంస్కృత పండితుడి దగ్గరికి వెళ్ళాను. నిఘంటువు అబద్ధమని ఆయన చేత అనిపించాలని నా ఆశ. ఆయన అనలేదు. పైగా అవతలి ప్లీడరు చెప్పింది అక్షరాలా నిజమని, ఆ మాట పుట్టుకలో పిండివంటే ఉందని, దేవుడికి పెట్టి పంచే తీపి వంటకాన్నే అలా అనేవారని చెప్పారు. నా మొహం చూసి జాలిపడ్డారు కాబోలు, ఇంకాస్త చెప్పారు.

"అట్లతద్దికి మనాళ్ళు అట్లు వాయనం ఎందుకిస్తారనుకున్నావు? ఆ పాత పిండివంట ఇంకా పోలేదన్నమాట. అయితే మాట మన ఆడవాళ్ళ చేతిలో పడ్డాక అక్కడే ఉంటుందిటోయ్? పళ్ళు చేరేయి, రవికెలగుడ్డ చేరింది, గాజులూ అద్దం దువ్వెనా చేరేయి, ఆఖరికి మోసే చేట కూడా వాయనమే అయి కూచుంది. ఏం పెట్టేరన్నది కాదు, ఎలా ఇచ్చేరన్నదే వాయనం."

ఆ చివరి మాట నా బుర్రలో నాటుకుపోయింది. ఎలా ఇచ్చింది? కొంగు కప్పి, "ఇస్తినమ్మ వాయనం" అని ముమ్మారు అని ఇచ్చింది. ఈమె "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని ముమ్మారు అంది. ఇచ్చానని ఒకరు, పుచ్చుకున్నానని ఒకరు, సాక్షులుగా పేరంటాళ్ళు. చట్టం రాసిన దొరలు ఇంత శుభ్రంగా చెప్పలేదు కదా అనిపించి ఆ రాత్రి నాకు భలే సంతోషం వేసింది. తెల్లారేసరికి సంతోషం తగ్గింది. పేరంటాళ్ళలో ఒక్కరూ కోర్టుకి రారు. ఆస్తిపరుల ఇంటితో వైరం ఎవరికి కావాలి?

తర్వాతి వాయిదాకి వాన పట్టుకుంది. మా పెద్ద ప్లీడరుగారికి ఉబ్బసం ముదిరింది. వాయిదా అడిగేసి రమ్మని నన్ను పంపించారు. నేను వెళ్ళి అడిగాను. ఈ పాటికే ఆలస్యమైంది, మీరున్నారు కదా, మీరే చేయండి అన్నారు మున్సిఫ్‌గారు. అడగమన్నది అడిగాను, ఇవ్వలేదు, ఇందులో నా తప్పేం లేదు.

వాది బోనెక్కాడు. సిల్కు లాల్చీ, చేతికి గడియారం, ఆస్తి కలిగిన ధీమా. తన పెత్తల్లి నగని దాచమనే ఇచ్చిందని, తను ఆ రోజు ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని కిటికీలోంచి అంతా చూశానని చెప్పాడు. అంతటితో దిగిపోతే మా పని అయిపోయేది. కాని వాళ్ళ ప్లీడరుగారు బలానికి మరో మాట చేర్చించాడు. ఆ రోజుల్లో పెత్తల్లికి మతి కొంచెం చలించిందని, మంచీ చెడూ తెలిసేది కాదని చెప్పించాడు. ఒకవేళ ఇచ్చిందని కోర్టు అనుకున్నా, మతిలేనిదాని దానం చెల్లదు కదా అని ఆయన ముందుచూపు.

నేను లేచాను. దొంగల భయంతో తెలివిగా నగ దాచిన మనిషికే మతి ఎలా పోయిందబ్బా అని నాకు అనుమానం. కాని దాన్ని ఏ ప్రశ్నగా అడగాలో తోచలేదు. చివరికి మంత్రం మరచిపోయి, జవాబు తెలియని ప్రశ్నే అడిగాను.

"మతి చలించిందన్నారు. అలా అనుకోడానికి మీరు ఏం చూశారండి?"

అతనికి ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నంత ఉత్సాహం వచ్చింది.

"ఏం చూడ్డమేంటండి? ఆ చేట చేతిలో పెట్టి, వాటాలో ఉండేదాని కాళ్ళకి వంగి దణ్ణం పెట్టిందండి మా దొడ్డమ్మ. పదూళ్ళోళ్ళు గౌరవించే మనిషండి. మతున్నోళ్ళు చేసే పనేనాండి అది?"

ఎదురుగా అవతలి ప్లీడరుగారు కాగితాలు తిరగేస్తున్న చెయ్యి ఆపేశాడు. ఆయనకి అర్థమైంది. బోనులో ఉన్న పెద్దమనిషికి మాత్రం కాలేదు. అతను చూసినది ఆస్తిపరురాలు అద్దెకున్నదాని ముందు వంగడం. వాయనం పుచ్చుకున్న ముత్తయిదువ ఆ కాసేపూ గౌరీదేవితో సమానమని, ఇచ్చిన ఆవిడ ఎంత పెద్దదైనా దణ్ణం పెట్టుకుంటుందని అతనికి తట్టలేదు. నా నోరు ఆ తర్వాత ఆగలేదు.

చేట ఇచ్చే ముందు పెట్టిందా, ఇచ్చాకా అని అడిగాను. ఇచ్చాకే అన్నాడు. కొంగులు కప్పుకున్నారా అంటే కప్పుకున్నారన్నాడు. ఏమైనా అనుకున్నారా అంటే, ఆడవాళ్ళు ఎప్పుడూ అనుకునేదే, మూడేసిసార్లు అనుకున్నారన్నాడు. మా పేరంటాళ్ళు ఎవరూ వచ్చి చెప్పని సాక్ష్యమంతా అతను ఒక్కడే చెప్పేశాడు. ఇక ఒక్కటి మిగిలింది.

"మీ ఇంట్లో ఆడవాళ్ళు నోములు పడతారాండి?"

"పడతారండి."

"వాయనం ఇచ్చి, పుచ్చుకున్నావిడకి దణ్ణం పెట్టుకుంటారా?"

అతను వాళ్ళ ప్లీడరు వైపు చూశాడు. ఆయన కప్పు వైపు చూస్తున్నాడు.

"పెట్టుకుంటారండి" అన్నాడు.

"దాచమని ఎవరికైనా నగ ఇచ్చినప్పుడు కాళ్ళకి దణ్ణం పెట్టడం ఎప్పుడైనా చూశారా?"

"లేదండి."

నేను కూర్చున్నాను.

బయట చూరు కింద నిలబడ్డ ఆమెని, ఈ దణ్ణం సంగతి మాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "అంత పెద్దావిడ నా కాళ్ళకి దణ్ణం పెట్టేరని నా నోటితో నేనెలా చెప్పుకోనండి అన్నయ్యగారూ, తప్పు కదండీ" అంది. చెప్పి ఉంటే కల్పించిందనేవారు. ఆమె మొహమాటమే ఆమెకి మేలు చేసింది.

వాదనలనాడు మా పెద్ద ప్లీడరుగారు వచ్చారు గాని, మొదలుపెట్టినవాడివి నువ్వే ముగించు అని వెనక్కి జరిగి కూర్చున్నారు. నిఘంటువు చెప్పింది నిజమేనని ముందే ఒప్పేసుకున్నాను. అవతలివారు ఇది ఊహించలేదు. ఆ మాట పిండివంట దగ్గర మొదలైంది, అట్లతద్ది అట్లలో ఆ పుట్టుక ఇప్పటికీ ఉంది. కాని అక్కడే ఆగిపోయిందంటే మన ఇళ్ళలో ఇచ్చే అద్దాలూ దువ్వెనలూ గాజులూ చేటలూ ఏవీ వాయనాలు కావు, ఇచ్చినవాళ్ళు మర్నాడు వచ్చి పట్టుకుపోవచ్చు. అలా ఎవరైనా వచ్చారా? ఇక తెలియకుండా పుచ్చుకోవడం గురించి. మూసివాయనం అని తెలిసే ఆమె కొంగు పట్టింది. లోపల ఏముంటే అది పుచ్చుకుంటానని ఒప్పుకోవడమే ఆ నోము. ఇచ్చినావిడ మనసు ఏమిటో వాది స్వయంగా కిటికీలోంచి చూశాడు. ఇంతే చెప్పాను. అద్దం, దువ్వెన అన్నప్పుడు మున్సిఫ్‌గారు కలం ఆపి, "మా వైపు కూడా ఇస్తారు" అన్నారు తన తెలుగులో. అప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

తీర్పు రోజున దావా కొట్టేశారు, ఖర్చులతో సహా. తీర్పు ఇంగ్లీషులో ఉంది. ఇప్పటికీ నాకు మురిపెం కలిగించే సంగతి ఏమిటంటే, అంత ఇంగ్లీషు మధ్యలో మున్సిఫ్‌గారు వాయనం అన్న మాటని ఏ మాటలోకీ మార్చలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే రాసేశారు, మొదటి నుంచి చివరిదాకా. అవతలి ప్లీడరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, నా సాక్షి చేతే నన్ను పడగొట్టించేవు కదయ్యా అని నవ్వాడు. పెద్ద మనసున్న మనిషి. మా పెద్ద ప్లీడరుగారు ఇంటికి వెళుతూ కాలవ గట్టు మీద, మునుపు ఆగినచోటే ఆగి, "జవాబు తెలియని ప్రశ్న అడిగేవు" అన్నారు. తల ఊపాను. "ఈసారికి బాగానే అడిగేవు. ఇంకెప్పుడూ అడక్కు" అన్నారు. ఆ పూట పొడుం డబ్బీ నా ముందుకి కూడా చాపారు. అంతకన్నా పెద్ద బిరుదు నేను ఆ తర్వాత ఎన్నేళ్ళు పనిచేసినా అందుకోలేదు.

ఇక్కడితో ఆపితే కోర్టు గెలిచినట్టే గాని, ఆమె గెలిచినట్టు కాదు. ఆమె అడిగింది నగ కాదు, బొట్టు. దాన్ని ఏ కోర్టూ ఇప్పించలేదు.

ఆ ఏడు అట్లతద్దికి మా ఆవిడ పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళది కొత్తపేట పక్కనే. తిరిగి వచ్చిన సాయంత్రం, సంచీ కూడా దింపకుండా కబుర్లు మొదలుపెట్టింది. ఓడిపోయిన ఆ పెద్దమనిషి భార్య అట్లతద్ది ఉద్యాపన చేసుకుందిట. కుంకుమ భరిణె పట్టుకుని పేరంటం పిలవడానికి బయలుదేరి, ఊళ్ళో అందరికన్నా ముందు వెళ్ళింది దర్జీ ఇంటి గుమ్మంలోకిట. మొగుడితో చెప్పి వెళ్ళిందో లేదో ఎవరికీ తెలియదు. ఆ ఇంటి మొదటి బొట్టు పడ్డాక ఊళ్ళో ఇక ఆ గుమ్మం దాటిపోయేవాళ్ళెవరు? ఆమె కాసులపేరు వేసుకుని వచ్చిందిట. ఇంటావిడ అట్ల చేట తెచ్చి, కొంగు కప్పి, ఇచ్చి, వంగి రెండు చేతులా ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టుకుందిట. అరుగు మీద కూర్చున్న ఆ పెద్దమనిషి కిటికీలోంచి అదంతా చూసి, ఏమనుకున్నాడో, లేచి నిలబడ్డాడుట.

నా కళ్ళు చెమర్చాయి. దాచుకోవడానికి ఉత్తరీయం వెతుక్కుంటూ, "మరి మన దర్జీ భార్య ఏమంది?" అని అడిగాను.

"ఏమంటారండీ? పుచ్చుకుంటినమ్మ వాయనం అంది" అంది మా ఆవిడ. "మూడుసార్లూ వీధిలోకి వినబడేలా అంది."